అమ్మమ్మ మాత్ర, తాతయ్య కషాయం

తెనాలి

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మమ్మ వేళ్ళ వాపు తగ్గింది. పొద్దున లేవగానే పిడికిలి బిగించగలుగుతోంది, కాఫీ గ్లాసు తనే పట్టుకుంటోంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరొక మాట అడిగారు. "తాతయ్యా, నువ్వు ఆయుర్వేదం డాక్టరువి కదా, మరి అమ్మమ్మకి స్టెరాయిడ్ మాత్ర ఎందుకు? అది చెడ్డ మందట కదా?" అని. ఫోన్లో అయితే సగమే చెప్పగలను. అందుకే ఉత్తరం.

చెడ్డ మందు కాదు నాన్నా. జిమ్ముల్లో కండలకోసం వాడే స్టెరాయిడ్లు వేరు, ఇది వేరు. అమ్మమ్మది రుమటాయిడ్ ఆర్థరైటిస్. క్రిముల మీదికి వెళ్ళాల్సిన రక్షణ వ్యవస్థ సొంత కీళ్ళ మీద పడుతుంది. కీలు వేడెక్కి, ఉబ్బి, బిగుసుకుపోతుంది. అలా వదిలేస్తే వేళ్ళు వంకర్లు పోతాయి, మళ్ళీ సరికావు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఈ జబ్బుతో కదల్లేకుండా ఉన్న ఒకావిడకి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. ఆ పని చేసిన హెంచ్, కెండాల్‌తో పాటు రైక్‌స్టైన్ అనే ఆయనకి కూడా 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. అమ్మమ్మ వేసుకునే ప్రెడ్నిసొలోన్ ఆ జాతి మందే. ఈ జబ్బుని అదుపు చేసే అసలు మందు, వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్, పనిచేయడానికి వారాలు పడుతుంది. అందాకా ఈ మాత్ర వాపును పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి రోజూ, ముఖ్యంగా తెల్లవారుజామున, కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ని తయారుచేస్తాయి. స్టెరాయిడ్ మాత్ర వారాల తరబడి వేసుకుంటే, బయటినుంచి వస్తోంది కదా అని అవి పని తగ్గించేస్తాయి. అప్పుడు ఒక్కసారిగా మాత్ర మానేస్తే ఒంట్లో కార్టిసాల్ ఉండదు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. "ఆయుర్వేదం మొదలుపెట్టాం, ఇక ఇంగ్లీషు మందులెందుకు" అని అన్నీ ఒకేరోజు ఆపేసి మా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ భయమే. నేను మొదట ఆ మాత్ర మళ్ళీ వేయించేవాణ్ణి, రాసిచ్చిన డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. కషాయం మాట ఆ తర్వాతే.

మా శాస్త్రంలో ఈ జబ్బుకి దగ్గరగా ఉండేది ఆమవాతం. మాధవకరుడు మాధవనిదానంలో దాన్ని విడిగా వర్ణించాడు. చికిత్సగా పెద్దలు చెప్పినవి లంఘనం, అంటే కడుపు మాడ్చడం, పొడి కాపడం, శొంఠి లాంటి కారపు, చేదు మందులు, ఆముదంతో విరేచనం. పెరుగు, పాలు, బెల్లం, మినుములు, చేపలు వద్దన్నారు. అయితే వాళ్ళు రాసింది స్టెరాయిడ్ వేసుకునే మనిషికి కాదు. అందుకే ఒక్కొక్కటీ అమ్మమ్మ ఒంటికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. నేను చేసేదంతా అదే.

లంఘనం చేయించను. ఆ మాత్ర పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. పైగా ఆవిడకి షుగరు మాత్ర కూడా ఉంది, పస్తుంటే షుగరు పడిపోతుంది. రాత్రి భోజనం పెందలాడే, తేలిగ్గా పెడతాను, అంతే. పాలూ పెరుగూ పూర్తిగా మానిపించను. స్టెరాయిడ్ ఎముకల్లోని కాల్షియం లాగేస్తుంది, ఎముక గుల్లబారుతుంది. అందుకని గట్టి పెరుగు బదులు శొంఠి వేసిన పల్చటి మజ్జిగ, రాగిజావ, డాక్టరు రాసిన కాల్షియం మాత్ర. ఆముదంతో విరేచనాలు కూడా చేయించను. స్టెరాయిడ్‌తో పొటాషియం తగ్గవచ్చు, విరేచనాలతో ఇంకా పోతుంది.

కాపడం మాత్రం చేస్తాను. మీరు చూశారుగా. ఏటి ఇసుక జల్లించి, మూకుట్లో వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, కీలు చుట్టూ మెల్లిగా అద్దుతాను. నూనె రాయను, ఆమం, అంటే సరిగా అరగక ఒంట్లో పేరుకున్న మలినం, ఉన్న వాపు మీద నూనె పనికిరాదంటుంది శాస్త్రం. మూట ముందు నా మోచేతి లోపలి వైపు ఆనించి చూసుకుంటాను. స్టెరాయిడ్ వాడేవాళ్ళ చర్మం పల్చబడి ఊరికే కమిలిపోతుంది. కీలు బాగా ఎర్రబడి మండుతున్న రోజున కాపడమూ లేదు.

ఇక మీరు నాకు ఒక సాయం చెయ్యాలి. అమ్మమ్మకి దగ్గొస్తే ఎవరో ఒకరు అతిమధురం చప్పరించమని ఇస్తారు. వద్దని చెప్పండి. మంచి మూలికే, నేనూ ఎందరికో ఇచ్చాను. కానీ అందులోని గ్లైసిరైజిన్ అనే పదార్థం మూత్రపిండాల్లో కార్టిసాల్‌ని చల్లార్చే ఎంజైమును ఆపుతుంది. ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోయి, పొటాషియం పోయి, బీపీ పెరుగుతుంది. స్టెరాయిడ్‌ కూడా అదే దారిలో లాగుతుంది కాబట్టి రెండూ కలిస్తే గుండె లయ కూడా తప్పవచ్చు. దగ్గు సిరప్పుల్లో, గొంతు బిళ్ళల్లో యష్టిమధు, ములేఠీ అన్న పేర్లుంటే అది అతిమధురమే. మీ కళ్ళు చురుకైనవి, అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు మీరే చదవాలి.

తిప్పతీగ, అశ్వగంధ కూడా అమ్మమ్మకి ఇవ్వను. ఇమ్యూనిటీ పెరుగుతుందని అందరూ తాగుతారు. ఆవిడ జబ్బే ఇమ్యూనిటీ హద్దు మీరడం, డాక్టరుగారు దాన్ని తగ్గించాలని చూస్తున్నారు. పైగా ఈ మూలికలు కొందరి కాలేయానికి పడవు, మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళ కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండాలి. కూరలో పసుపు ఎంతైనా సరే. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ మాత్రం వద్దు, వాటితోనూ ఆ కాలేయం భయమే.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేవి పేరూ ఊరూ లేని పొట్లాలు. రెండ్రోజుల్లో నొప్పి మాయమంటారు. అలాంటి పొడుల్ని పరీక్షిస్తే చాలాసార్లు స్టెరాయిడే బయటపడింది. మొహం గుండ్రంగా ఉబ్బుతున్నా ఎందుకో ఆ మనిషికి తెలియదు, ఆపితే కూలబడతాడు. లైసెన్సు నంబరూ లోపలి పదార్థాల పేర్లూ లేనిది ఇంట్లోకి రానివ్వకండి.

అమ్మమ్మ మాత్ర ఎప్పుడు ఆగుతుందని కూడా అడిగారు. 10 మిల్లీగ్రాములతో మొదలై 7.5కి వచ్చింది. రక్తంలో వాపు జాడ తెలిపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు చూసి వచ్చేనెల 5 మిల్లీగ్రాములకి దించుదామన్నారు డాక్టరుగారు. అక్కణ్ణుంచి ఇంకా నెమ్మదిగా. నేనిచ్చే శొంఠి కషాయం సంగతి ఆయన చీటీలో రాసుకున్నారు, ఆయన మందులన్నీ నా పుస్తకంలో ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య