స్కాన్ బల్ల మీద వినిపించే కిడ్నీ అపోహలు

‘నీళ్లు తాగి, బిగబట్టుకుని రండి’ అని చెప్పి కూర్చోబెట్టిన పేషెంట్ బల్ల ఎక్కి, నేను జెల్ రాసేలోపే ప్రశ్నలు మొదలవుతాయి. అల్ట్రాసౌండ్ చేసే డాక్టర్‌గా రోజూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నడుము నొప్పి అంటే కిడ్నీ నొప్పే.

‘ఇక్కడేనండీ’ అని చాలామంది బెల్టు కట్టే చోట చెయ్యి పెడతారు. కిడ్నీలు అంతకన్నా పైన, వీపువైపు చివరి పక్కటెముకల చాటున ఉంటాయి. కుడివైపు లివర్ ఉంటుంది కాబట్టి ఆ కిడ్నీ కాస్త కిందికి ఉంటుంది. వంగినా, బరువెత్తినా పెరిగే నొప్పి ఎక్కువగా కండరాలదో డిస్కుదో అయి ఉంటుంది. రాయి నొప్పి పక్కలో మొదలై గజ్జల్లోకి పాకుతుంది, ఉండుండి మెలిపెడుతుంది. బల్ల మీద చూడగానే నాకు సగం తెలిసిపోతుంది. నడుము పట్టేసిన మనిషి కదలనంటాడు, రాయి నొప్పి మనిషి కుదురుగా పడుకోలేడు.

అపోహ: కిడ్నీ ఒక జల్లెడ. నీళ్లు ఎంత తాగితే అంత శుభ్రం.

జల్లెడ పని చేసేమాట నిజమే కానీ అసలు కష్టం ఆ తర్వాతే. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే కంటికి కనిపించని వడపోత గొట్టాలు, ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. ఒంట్లో ఉన్న ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) 3 లీటర్లే, అంటే అదే ద్రవం రోజుకు 60 సార్లు వడపోతకు వస్తున్నట్టు. బయటికి పోయేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతా నీళ్లూ, చక్కెరా, కావలసినంత ఉప్పూ తిరిగి రక్తంలోకే వెళ్తాయి. భోగికి ముందు అటక మీది సామానంతా వాకిట్లోకి దించి, మంటలో వేయాల్సినవి పక్కకు తీసి, మిగతాదంతా మళ్లీ పైకెక్కిస్తాం చూడండి, అలాంటి పనే ఇది. కాకపోతే కిడ్నీకి రోజూ భోగే.

అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అదనంగా నీళ్లు తాగితే మూత్రం పలచబడుతుందే తప్ప కిడ్నీ ‘కడిగినట్టు’ కాదు. రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు రోజుకు రెండున్నర లీటర్ల దాకా మూత్రం వచ్చేలా తాగాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు. ‘చలవ చేస్తుందని’ వాళ్లకు కొబ్బరినీళ్లు పట్టించే చుట్టాలకు ఒక మాట: అందులో పొటాషియం ఎక్కువ. అది బయటికి పోకపోతే గుండె లయ తప్పుతుంది.

అపోహ: రాళ్లున్నాయి కాబట్టి టమాటా, పాలు మానేయాలి.

టమాటా గింజ కిడ్నీ దాకా వెళ్లదు. పాలు మానేస్తే నష్టమే ఎక్కువ. భోజనంలోని కాల్షియం రాళ్లు కట్టించే ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేసి బయటికి పంపేస్తుంది. తగ్గించాల్సింది ఉప్పు. పచ్చళ్ల ఊసెత్తితే మాత్రం ఎవరూ వినరు.

అపోహ: బీరు తాగితే రాయి పడిపోతుంది.

5 మి.మీ. కన్నా చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పేరు బీరుకొస్తుంది.

అపోహ: మూత్రం బాగానే వస్తోంది, స్కాన్ నార్మల్, ఇక కిడ్నీలకు ఢోకా లేదు.

నన్ను బాగా భయపెట్టేది ఇదే. నా మెషీన్‌కి కనిపించేది కిడ్నీ ఆకారం, దాని పనితనం కాదు. షుగర్ వల్ల దెబ్బతిన్న కిడ్నీ చాలాకాలం సైజులో మామూలుగానే ఉంటుంది. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గాక మూత్రం తగ్గకపోగా రాత్రిళ్లు ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. పనితనం దాదాపు సగం పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) కూడా నార్మల్ గీత దాటకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్ లేనివాళ్లలోనూ కిడ్నీలు దెబ్బతింటున్నాయి, చాలామందికి ముదిరాకే తెలుస్తోంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. నేను రాసిచ్చిన ‘నార్మల్ స్టడీ’ కాగితం చూసుకుని ఊరుకోకండి.

అపోహ: ఇంకాసేపు ఆపుకుంటే బ్లాడర్ పగిలిపోతుంది.

ఇది అడిగేది నా బల్ల మీద మెలికలు తిరుగుతున్నవాళ్లే. పెద్దవాళ్ల బ్లాడర్‌లో 400-500 మి.లీ. పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న బ్లాడర్ పగలదు, మహా అయితే బట్టలు తడుస్తాయి. అలాగని గంటల తరబడి ఆపుకోవడం అలవాటు చేసుకోకండి.

రద్దీ లేని రోజున లోపలి ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ వేసి స్క్రీన్ వాళ్లవైపు తిప్పుతాను. నల్లటి బ్లాడర్‌లోకి కాసేపు కుడి మూల నుంచి, కాసేపు ఎడమ మూల నుంచి చిచ్చుబుడ్డిలా చిన్న రంగుల చిమ్ము కనిపిస్తుంది. మూత్రం పై నుంచి ఊరికే కారి రాదు. కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా ఉండే పాతిక సెంటీమీటర్ల సన్నటి గొట్టం దాన్ని పిండుతూ నెడుతుంది, మనం పడుకున్నా సరే. ‘ఇదంతా నా లోపలేనా!’ అంటారు. ‘మీ లోపలే. ఇక లేవండి, బాత్రూమ్ ఎడమవైపు.’