ముళ్ల మొక్కలు: నెల్లూరులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పోయిన నవంబరులో ఒకాయన ప్లాస్టిక్ కవర్లో చిన్న కుండీ పెట్టుకుని మా నర్సరీకి వచ్చారు. అందులో బంతిలా గుండ్రంగా ఉన్న కాక్టస్. పైకి పచ్చగా బాగానే ఉంది. మొదలు దగ్గర వేలితో నొక్కితే మాత్రం మగ్గిన సపోటాలా లోపలికి దిగిపోయింది. "నీళ్లు ఎక్కువ పోసిందే లేదమ్మా. వారానికి రెండు చెంచాలు, అంతే" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. కానీ కుండీ ఉన్నది వరండా అంచున. వాయుగుండం పట్టిన మూడు రోజులూ జల్లు దాని మీదే పడింది. కుండీలోదేమో నల్లరేగడి మట్టి. వాన వెలిసి వారం దాటినా ఆరలేదు.

నర్సరీ పెట్టి పద్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో నీళ్లు లేక ఎండిపోయి నా దగ్గరికి వచ్చిన కాక్టస్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కుళ్లి వచ్చినవాటికి లెక్కే లేదు. మన జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, రాత్రయినా తగ్గని ఉక్క. యూట్యూబులో చెప్పే జాగ్రత్తలు చాలావరకు పొడి గాలి, చల్లని రాత్రులు ఉండే చోట్లకు సరిపోతాయి. వాటిని ఇక్కడ ఉన్నదున్నట్టు పాటిస్తే మొక్క దక్కదు. అందుకే రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని తీసుకుని, ఇక్కడి వాతావరణానికి ఏది నిజమో రాస్తున్నాను.

అపోహ: కాక్టస్‌కు నీళ్లు అక్కర్లేదు. పోసినా వారానికి ఒక చెంచా చాలు.

ఈ చెంచా లెక్క ఎక్కడ పుట్టిందో గానీ మొక్కలకు చాలా నష్టం చేసింది. చెంచాడు నీళ్లు పైమట్టినే తడుపుతాయి, కింది వేళ్లకు అందవు. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. తర్వాత కుండీ అడుగుదాకా పూర్తిగా ఆరేవరకు చుక్క కూడా పోయకూడదు. ఆరిందో లేదో చూడ్డానికి చీపురుపుల్ల చాలు. అడుగుదాకా గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. మట్టి అంటుకుని వస్తే ఇంకా తడి ఉన్నట్టే.

ఎన్ని రోజులకోసారి అని అందరూ అడుగుతారు. నేను రోజుల్లో చెప్పను, కాలాన్ని బట్టి చెప్తాను. సంక్రాంతి తర్వాత మార్చి దాకా మొక్కలు బాగా పెరిగే కాలం, అప్పుడు ఆరిన ప్రతిసారీ పోయొచ్చు. రోహిణి కార్తెలో చాలా కాక్టస్‌లు ఎదుగుదల ఆపేసి ఊరుకుంటాయి. ముడుచుకుపోయిందని కంగారుపడి మధ్యాహ్నం నీళ్లు పోస్తే, కాలుతున్న కుండీలో వేళ్లు ఉడుకుతాయి. ఆ రోజుల్లో పొద్దుగూకాక, అదీ తక్కువగా. ఇక స్వాతి, విశాఖ కార్తెల్లో ముసురు పట్టిందంటే అసలు పోయొద్దు. పైన రేకో, పారదర్శకమైన షీటో ఉన్న చోటికి కుండీలు మార్చండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మొదలు దుంపలా ఊరే మా ఎడారి గులాబీలు వందకు పైగా ఆరుబయటే ఉండిపోయాయి. వరద నీళ్లు మా దాకా రాలేదు, వాన నీళ్లే. నాలుగేళ్లు పెంచిన దుంపలు పది రోజుల్లో మెత్తబడిపోయాయి. ఆ ఏడాది నుంచి దీపావళి దాటిందంటే ఒక్క దుంప మొక్కనూ బయట ఉంచడం లేదు.

కుళ్లిందని వెంటనే పారేయకండి. మొదట చెప్పిన ఆయన కాక్టస్‌ను అక్కడే కోశాం. శుభ్రం చేసిన పదునైన కత్తితో కింది నుంచి పలచగా చక్రాల్లా కోసుకుంటూ పోవాలి. కోసిన చోట గోధుమరంగు మచ్చ ఒక్కటి కూడా లేకుండా తెల్లగానో లేతాకుపచ్చగానో కనిపించేదాకా ఆపొద్దు. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. మిగిలిన తలను నీడలో, గాలి తగిలే చోట కనీసం పది రోజులు ఉట్టిగా పెట్టాలి. కోసిన చోట గట్టి పొర కట్టాక పొడి ఇసుక మీద కూర్చోబెడితే చాలు, వేళ్లు అవే వస్తాయి. పసుపు పూయమని కొందరు, దాల్చినచెక్క పొడి చల్లమని కొందరు చెప్తారు. పూస్తే పూయండి, కానీ దాన్ని బతికించేది ఆ ఆరుదలే.

అపోహ: ఎడారి మొక్క కదా, ఎంత ఎండైనా తట్టుకుంటుంది.

పెద్ద నాగజెముడు తట్టుకుంటుంది. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన మూడంగుళాల మొక్కను కొన్నరోజే డాబా మీద పెడితే తట్టుకోలేదు. మే నెలలో సిమెంటు డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీని ముట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేరు. వేళ్లున్నది అందులోనే. అడవిలో కూడా ఈ చిన్న జాతులు చాలావరకు పొదల నీడలోనో రాళ్ల సందుల్లోనో పెరుగుతాయి. చిన్న కలబందలా ఉండే హవర్తియా, బంతి కాక్టస్ జిమ్నోకాలీసియం లాంటివి మన ఎండకు మూడు రోజుల్లో పాలిపోయి, తర్వాత తెల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చ ఇక పోదు. అందుకే మార్చి నుంచి జూన్ దాకా సగం నీడ ఇచ్చే నెట్ కట్టండి. లోపలి మొక్కను బయటికి తేవాలంటే రెండు వారాల పాటు రోజూ కొంచెం కొంచెంగా పొద్దుటి ఎండ అలవాటు చేయండి.

దీనికి రెండో వైపు కూడా చూస్తుంటాను. హాల్లో టీవీ పక్కన పెట్టిన కాక్టస్ పైకి సన్నగా, లేతగా సాగుతుంది. "భలే పెరుగుతోంది" అని సంతోషపడతారు. అది వెలుతురు కోసం వెతుక్కుంటోంది. అలా సాగిన భాగం తర్వాత ఎంత ఎండలో పెట్టినా లావెక్కదు.

అపోహ: కుండీ అడుగున రాళ్లు పరిస్తే నీళ్లు నిలవవు.

ఇది నేను కూడా మొదట్లో చేసినదే, అందరికీ చెప్పినదే. తప్పని తెలిశాక మానేశాను. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒకటి నీళ్లలో ముంచి, పిండకుండా అంచులు పట్టుకుని అడ్డంగా ఎత్తండి. కారడం పూర్తిగా ఆగనివ్వండి. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. ఎత్తు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది. అయినా చివరి అంచున కొంత తడి ఉండిపోతుంది. కుండీలో మట్టి కూడా ఇంతే. సన్నని మట్టి నుంచి పెద్ద రాళ్లలోకి నీళ్లు అంత తేలిగ్గా దిగవు, మట్టి అడుగునే ఆగుతాయి. మీరు రాళ్లు పరిచిన కొద్దీ ఆ తడి పొర పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క చాలు. మిగిలిన జాగా అంతా మంచి మట్టికే ఇవ్వండి.

ఆ మంచి మట్టి మనకు ఊళ్లోనే దొరుకుతుంది. ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఇసుక రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు అర వంతు, మాడ్చిన వరి ఊక అర వంతు. పెన్న ఇసుకను జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకదే వాడండి. కింద పడిన మెత్తది కలిపితే మట్టి సిమెంటులా బిగుసుకుంటుంది. మైపాడు వెళ్లినప్పుడు సముద్రపు ఇసుక సంచిలో నింపుకొస్తారు, అది అసలు వద్దు, అంతా ఉప్పు. ఊక రైస్ మిల్లుల పుణ్యమా అని మన దగ్గర కొరత లేదు. నల్లగా మాడి ఆకారం పోకుండా ఉన్నదే కావాలి, తెల్లటి బూడిద కాదు. కొన్న మొక్క వట్టి కొబ్బరిపొట్టులో ఉంటే వారం ఆగి మార్చేయండి. కొబ్బరిపొట్టు తడిస్తే వదలదు, ఒకసారి ఎండిందంటే నీళ్లు తాగదు.

అపోహ: ఆర్వో వేస్ట్ నీళ్లు మొక్కలకు పోస్తే నీళ్లు ఆదా.

ఆదా చేయాలన్న ఆలోచన మంచిదే. కానీ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లలో, మీ బోరు నీళ్లలో ఉన్న ఉప్పులే ఇంకా చిక్కగా ఉంటాయి. మన తీరం వైపు బోరు నీళ్లు ముందే ఉప్పన. కుండీ చుట్టూ, మట్టి మీద తెల్లటి పొర కడుతోందంటే కారణం ఇదే. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు ఉండవు, కాక్టస్‌లకు నిక్షేపంగా పోయొచ్చు. అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. నవంబరులో రెండు డ్రమ్ములు పట్టి మూత పెట్టుకుంటే చిన్న సేకరణకు వేసవి దాకా వస్తాయి. బోరు నీళ్లు తప్పని వాళ్లు రెండు నెలలకోసారి వాన నీళ్లతో కుండీని బాగా కడిగినట్టు తడిపి వదలండి.

అపోహ: పైన ఎర్రగా, పసుపుగా ఉన్నది పువ్వు.

రంగు బంతి కాక్టస్‌ను మూన్ కాక్టస్ అంటారు. ఆ ఎర్ర బంతి పువ్వు కాదు, పత్రహరితం లేని మరో కాక్టస్. సొంతంగా ఆహారం చేసుకోలేదు కాబట్టి కింద పచ్చటి కాడ మీద అంటు కడతారు. ఆ కాడ ఎక్కువగా డ్రాగన్ ఫ్రూట్ మొక్కదే. రెండూ ఒకే వేగంతో పెరగవు. కొన్నేళ్లకు విడిపోతాయి. అది మీ తప్పు కాదని ముందే తెలుసుకుని కొనండి. ఇంకొక రకం మోసం ఉంది. ఎండు పువ్వును వేడి జిగురుతో కాక్టస్ తల మీద అంటిస్తారు. పూరేకుల కింద పారదర్శకంగా మెరిసే చుక్క కనిపిస్తే అది జిగురే. అలాంటి మొక్కలు నేను అమ్మను. తీసేటప్పుడు చర్మం ఊడి అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది.

అపోహ: ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే గొడవలు.

పెద్దవాళ్ల నమ్మకాన్ని నేను తీసిపారేయను. పిల్లలు తిరిగే దారిలో, గుమ్మం పక్కన ముళ్లు ఉండకూడదన్నది మంచి మాటే. అయితే ఒక సంగతి చెప్తాను. పసుపు కుంకుమ పెట్టి, పూసిన రాత్రి ఇరుగుపొరుగును పిలిచి చూపించే బ్రహ్మకమలం ఉంది కదా, మన ఇళ్లలో పెరిగేది కాక్టస్ జాతే. హిమాలయాల్లో ఉండే అసలు బ్రహ్మకమలం వేరు. మన ఇంట్లోది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్క. అందుకే దానికి నీడ కావాలి, మట్టిలో కొంచెం చెమ్మ ఉండాలి. కాక్టస్ అంటే ఎడారే అనుకోవడానికి లేదు. మొన్న ఒక పెద్దావిడకు ఇది చెప్తే "అయితే మా ఇంట్లో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నట్టేనా అమ్మాయ్!" అని నవ్వి, కోడలికి నచ్చిన చిన్న కాక్టస్ కొనిచ్చి వెళ్లారు.

అపోహ: ముళ్లున్నవన్నీ కాక్టస్‌లే.

ఇది జాగ్రత్త కోసం తెలుసుకోవాల్సింది. బొంతజెముడు, కాడజెముడు, ముళ్ల కాడకు చిన్న ఎర్రపూలు పూసే యుఫోర్బియా, ఇవేవీ కాక్టస్‌లు కావు, అన్నీ యుఫోర్బియా జాతివే. కాక్టస్‌కు ముళ్లు దూదిలాంటి చిన్న గుబురులోంచి వస్తాయి. యుఫోర్బియాను గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. మా దగ్గర పనిచేసే కుర్రాడు కాడజెముడు కొమ్మలు కత్తిరిస్తూ అదే చేత్తో చెమట తుడుచుకున్నాడు. పావుగంట సేపు నీళ్లతో కడిగించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రెండు రోజులు కన్ను తెరవలేకపోయాడు. చేతికి తొడుగు లేకుండా వాటి జోలికి పోవద్దు. చిన్నపిల్లలున్న ఇంటికి నేను కాడజెముడు ఇవ్వను. నాగజెముడు జాతి కుందేలు చెవుల కాక్టస్‌కు కనపడని సన్న నూగు ముళ్లుంటాయి. అవి గుచ్చుకుంటే రుద్దకండి, ప్లాస్టర్ టేప్ అంటించి లాగేయండి.

తెల్లటి దూదిలా పట్టిందంటే పిండినల్లి. పాత బ్రష్‌కు సబ్బు నీళ్లు అద్ది తుడిచి, ఆ కుండీని మిగతావాటికి దూరంగా పెట్టండి. వెంటనే చూడాలి, ఎందుకంటే ఈ తరహా పురుగులకు ఎంత బలముందో దక్షిణాది పొలాలకు తెలుసు. కంచెల నుంచి బీళ్లలోకి పాకిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెప్పించింది ఇలాగే తెల్లటి దూది కప్పుకునే పురుగునే.

అపోహ: ఇవి రాత్రి ఆక్సిజన్ ఇస్తాయి, కంప్యూటర్ రేడియేషన్ పీల్చుకుంటాయి.

రేడియేషన్ మాటలో నిజం లేదు. ఆక్సిజన్ మాటలో సగం నిజం మెలితిరిగింది. మామూలు మొక్కల్లా కాకుండా కాక్టస్, కలబంద రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. పగలు తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి. ఆక్సిజన్ తయారయ్యేది మాత్రం వెలుతురు ఉన్నప్పుడే. మొక్కలు గది గాలిని శుభ్రం చేస్తాయని 1989 నాటి నాసా పరిశోధన పేరు చెప్పి అమ్ముతుంటారు, అది మూసేసిన చిన్న గదుల్లో చేసింది. ఆ తర్వాతి పరిశోధనలన్నీ కలిపి 2019లో లెక్కవేస్తే, కిటికీ గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ పది మొక్కలు కావాలని తేలింది. కిటికీ తెరవండి, మొక్కను అందం కోసం పెంచండి.

ఆ రాత్రి శ్వాస ఎంత గొప్పదో చూడాలంటే గుమ్మానికి దిష్టి కోసం తలకిందులుగా కట్టే కలబందను చూడండి. మట్టి లేదు, నీళ్లు లేవు, నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. పైగా వేలాడుతూనే కొత్త ఆకుల్ని పైకి వంచుకుంటుంది.

అపోహ: నీటి ఎద్దడిని తట్టుకునే మొక్కలు నాటి వదిలేయొచ్చు.

తట్టుకునేది వేళ్లు లోతుకు పోయాకే. కాగితంపూలు, దేవగన్నేరు, గన్నేరు ఏవి నాటినా మొదటి వేసవి గట్టెక్కేదాకా వారానికి రెండుసార్లు నిండుగా నీళ్లు కావాలి. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. నాటడానికి మంచి సమయం వానలు తగ్గే డిసెంబరు, జనవరి. ఉదయగిరి, కలిగిరి వైపు ఎర్రనేలల్లో ఇవన్నీ హాయిగా వస్తాయి. సముద్రం దగ్గర ఇళ్లకు ఉప్పుగాలి తట్టుకునే కాగితంపూలు, గన్నేరు, కిత్తనార ఇస్తాను. గన్నేరు ఆకు విషం, పశువులు మేసే చోట మాత్రం వద్దు. తూర్పు బాల్కనీ ఉన్న ఫ్లాటుకు హవర్తియా, స్నేక్ ప్లాంట్, ఒక కలబంద. డాబా ఉండి, నవంబరులో కుండీలు లోపలికి మోసే ఓపిక కూడా ఉంటే ఎడారి గులాబీ తీసుకెళ్లండి. ఆ ఓపిక లేదంటే నాచుపూలు ఇస్తాను. అవి వానకు పోయినా, దాచిన రెండు కొమ్మలు గుచ్చితే మళ్లీ కుండీ నిండుతుంది.