కప్పు మీది చిరంజీవి

ఐరోపాలోని ఆల్ప్స్, పిరనీస్ కొండల్లో రాతి సందుల్లో పెరిగే మొక్క సెంపర్వైవం. దళసరి ఆకులు గులాబీ రేకుల్లా వరసలు తీరి నేలను కరుచుకుని ఉంటాయి. ఒక రకంలోనైతే ఆకు కొన నుంచి ఆకు కొనకు తెల్లటి నూగు దారాలు అల్లుకుని, అచ్చం సాలెగూడే. నెలల తరబడి మంచు కప్పినా, వేసవిలో రాయి కాలినా ఇది చావదు. లాటిన్‌లో సెంపర్ అంటే ఎప్పుడూ, వీవుస్ అంటే బతికున్నది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఇందులో ఒక జాతికి టెక్టోరం అని పేరు చేర్చాడు, అంటే ఇళ్ల కప్పులది. మట్టి పలచన, నీరు నిలవదు. కొండరాయికీ ఇంటి కప్పుకీ దానికి తేడా లేదు.

అయితే కప్పుల మీదకి ఎక్కించింది మనుషులే. రోమన్ల ఉరుముల దేవుడు జూపిటర్ పేరుతో దీన్ని 'జూపిటర్ గడ్డం' అన్నారు. ఇది ఉన్న ఇంటి మీద పిడుగు పడదని నమ్మకం. క్రీ.శ. 800 ప్రాంతంలో, పశ్చిమ ఐరోపాను ఏలిన షార్లమేన్ చక్రవర్తి కాలపు ఎస్టేట్ల శాసనంలో పెంచాల్సిన మొక్కల జాబితా ఉంది. దాని చివరి వాక్యం: తోటమాలి తన ఇంటి మీద జూపిటర్ గడ్డం పెంచాలి.

చావకపోవడానికి అసలు కారణం ఆకుల్లో ఉంది. పగలు ఆకు మీది సన్నటి రంధ్రాలు తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. అందుకని రాత్రి తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి, మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లారాక రంధ్రాలు మూసి, ఆ నిల్వతో ఆహారం తయారుచేసుకుంటుంది. ఇదే కుటుంబానికి చెందిన మన రణపాల చేసేదీ ఇదే. ఒకప్పుడు సామర్లకోట తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ రణపాల ఆకు నమిలి చూశాడు: పొద్దున పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి రుచి లేదు. 1815లో అచ్చయిన ఆ పరిశీలన ఈ విద్య గురించిన తొలి ఆధారాల్లో ఒకటి. నాలుకతో ఇంత పెద్ద సంగతి పట్టుకోవడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

పేరులో 'ఎప్పుడూ' అని ఉన్నా, ఒక్కో పువ్వుగుత్తి లాంటి మొక్కకు ఆయుష్షు ఉంది. కొన్నేళ్లకు నడిమి నుంచి కాడ లేచి, పూసి, ఆ మొక్క ఎండిపోతుంది. అప్పటికే చుట్టూ పిలకలు వేళ్లూనుకుని ఉంటాయి. గెల వేసిన అరటి కూడా అంతే కదా.

మన నర్సరీల్లో ఈ ఆకారంలో ఎక్కువగా దొరికేది ఎచెవేరియా. అది మెక్సికో మొక్క, అక్కడి చిత్రకారుడు అతనాసియో ఎచెవేరియా పేరు దానిది. గట్టి మంచుకు మాత్రం అది తట్టుకోలేదు.