కండె అయిపోతే లేవాలి

మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక గుంట మగ్గం ఉంది, అంటే నేసే మనిషి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే చేనేత మగ్గం. మంగళగిరిలో అలాంటివి ఇంకా ఉన్నాయి లెండి. 2020 మార్చిలో ఆఫీసు మూసి ల్యాప్‌టాప్ చేతికిచ్చి పంపేశాక నేను హైదరాబాద్‌లో రూము ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేశాను, అప్పట్నుంచి పగలంతా నా కాల్స్ వెనక ఆ మగ్గం చప్పుడే. మొదట్లో చిరాకేసేది. మాట్లాడటం అయిన వెంటనే మ్యూట్ నొక్కేవాణ్ణి. కొన్నాళ్లకి ఇంకో సంగతి తట్టింది: ఆ చప్పుడు ఆగుతూ ఉంటుంది. కాసేపు ఆడుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, రోజంతా అంతే. ఓసారి వెళ్లి ఎందుకలా అని అడిగితే, నేసే బాబాయి నన్ను వింతగా చూసి "కండె అయిపోతే ఆగొద్దా?" అన్నారు.

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెలో పేక నూలు, అంటే అడ్డపోగు, చుట్టిన కండె ఉంటుంది. అది ఖాళీ అయితే తీసి ఇంకోటి పెట్టాలి. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, పోగు తెగితే ఆపి అతకాలి. నేసినంత బట్టని చుట్టుకోవాలి. ఆయనకి ఎవరూ బ్రేక్ ఇవ్వడం లేదు, ఆయనా తీసుకోవట్లేదు, ఆ పనే మధ్యమధ్యలో ఆయన్ని ఆపుతోంది. ఇంటి నుంచి పని అనేది మనమేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతాం గానీ మంగళగిరి, చీరాల, పోచంపల్లి నేతగాళ్లు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు తరాలుగా చేస్తున్నది అదే.

మగ్గం పని మహా సుఖమని ఎవరూ అనుకోకండి. పోచంపల్లి రకం చీరకి ఆసు పోసే పనిలో, అంటే నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసే పనిలో, ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. వాళ్లమ్మ లక్ష్మి భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రం తయారుచేసి దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు, ఆయనకి 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. కాబట్టి పాతకాలమే బాగుంది అని పాట పాడటం నా ఉద్దేశం కాదు. నా గోల వేరు. కండె లాంటిది నా ల్యాప్‌టాప్‌లో లేదు. ఆఫీసులో ఉన్నప్పుడు ఎంతో కొంత ఉండేది: మీటింగ్ రూము వెతుక్కుంటూ నడవడం, ప్రొజెక్టర్ పనిచెయ్యక అందరం పైకి చూస్తూ కూర్చోవడం, లిఫ్టు కోసం నిలబడటం, కింద టీ బండి. అదంతా టైమ్ వేస్టని తిట్టుకునేవాళ్లం. ఇంట్లో ఒక మీటింగ్ అయిన మరు సెకనులో ఇంకో లింకు నొక్కుతాం, పది గంటలకి కూర్చున్నవాళ్లం తలెత్తేసరికి రెండున్నర.

దీనివల్ల మెదడుకి ఏమవుతుందన్నది మనుషులు గట్టిగా పట్టించుకున్నది ఆఫీసుల కోసం కాదు, యుద్ధం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమానాల్లో రాడార్ ముందు కూర్చుని జర్మన్ జలాంతర్గాముల కోసం వెతికే కుర్రాళ్లు, డ్యూటీ మొదట్లో బాగానే పట్టుకుని, సమయం గడిచేకొద్దీ తెర మీద కనిపిస్తున్న చుక్కని కూడా వదిలేస్తున్నారు. ఎందుకో తేల్చమని కేంబ్రిడ్జిలో ఉన్న నార్మన్ మాక్‌వర్త్‌కి అప్పజెప్పారు. ఆయన ఒక గడియారం చేయించాడు. అంకెల్లేవు, గుర్తుల్లేవు, ఒకటే ముల్లు, సెకనుకి ఒక అడుగు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఒక్క అడుగు బదులు రెండడుగులు దూకుతుంది. ఆ దూకుడు కనిపించగానే మీట నొక్కాలి. అంతే పని, రెండు గంటలు. చదువుతుంటేనే నిద్రొస్తోంది కదా. 1948లో ఆయన అచ్చువేసిన ఫలితాల ప్రకారం మొదటి అరగంటలోనే పట్టు జారిపోయింది, ఆ తర్వాత మళ్లీ పైకి లేవలేదు. అరగంట పని, అరగంట విశ్రాంతి చొప్పున మార్చి మార్చి కూర్చోబెడితే మాత్రం అంతగా జారలేదు. ఇంకో తమాషా ఏంటంటే, మధ్యలో ఫోన్ చేసి ఇంకాస్త బాగా చూడవయ్యా అని చెప్పినా చాలు, కాసేపు మళ్లీ చురుకు వచ్చేది.

ఈ ఫోన్ సంగతి నాకు బాగా నచ్చింది, ఎందుకంటే నిజంగా మెదడులో ఇంధనం లాంటిదేదో ఖర్చయిపోయి ఉంటే ఒక్క ఫోన్‌కి తిరిగి రాకూడదు. అలసట ఒక్కటే కారణం కాదన్నమాట. 2011లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో అరిగా, యెరాస్ అనే ఇద్దరు ఈ దారిలోనే వెళ్లారు. 84 మందిని తెర ముందు కూర్చోబెట్టి 50 నిమిషాల పాటు ఒక విసుగు పని చేయించారు. కొందరికి మాత్రం ముందే కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోమని చెప్పి, మధ్యలో రెండంటే రెండుసార్లు ఆ అంకెల గురించి అడిగారు. మిగతావాళ్లందరి పని సమయం గడిచేకొద్దీ పాడైంది, వీళ్లది అలాగే నిలబడింది. వాళ్లు చెప్పిన కారణం మన ఇళ్లలో ఫ్యాన్ లాంటిది. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపు దాని చప్పుడు మనకి వినపడదు, కరెంటు పోయినప్పుడే ఇంతసేపూ తిరిగిందని తెలుస్తుంది. మారకుండా ఒకేలా ఉన్న దేన్నయినా మెదడు పక్కకి నెట్టేస్తుంది. నేను ఈ పని చేస్తున్నాను అనే గురి కూడా అలాగే మరుగున పడిపోతుంది. ఒక్క క్షణం దాన్ని వదిలి మళ్లీ పట్టుకుంటే కొత్తగా పట్టుకున్నట్టే. కండె మార్చి మళ్లీ మగ్గం మీద చెయ్యి వేసినప్పుడు బాబాయికి జరిగేది ఇదేనేమో అని నా ఊహ.

అలాగని అలసట ఉత్తదే అనీ కాదు. 2022లో పారిస్‌లో కొందరిచేత ఆరు గంటలకి పైగా కష్టమైన మెదడు పని చేయించి స్కానింగ్‌లో చూస్తే, నుదుటి వెనక, నిర్ణయాలు తీసుకోవడంలో ముఖ్యమైన భాగంలో గ్లుటమేట్ అనే రసాయనం పేరుకుని కనిపించింది. తేలిక పని చేసినవాళ్లలో అలా లేదు. కష్టపడ్డవాళ్లు సాయంత్రానికి ఆలస్యంగా వచ్చే పెద్ద లాభం కన్నా వెంటనే, శ్రమ లేకుండా దొరికే చిన్న లాభం వైపే ఎక్కువ మొగ్గారు. రాత్రి తొమ్మిదికి క్లయింట్ కాల్ అయ్యాక ఎన్నాళ్లుగానో చదవాలనుకుంటున్న పుస్తకం పక్కన పెట్టేసి రీల్స్ చూస్తూ పడుకుంటామే, అది మన బద్ధకం ఒక్కటే కాకపోవచ్చు.

ఇక మనం తీసుకునే బ్రేకు. పని తెర మీంచి కళ్లు తీసి ఫోను తెర మీద పెట్టడం. నేను రోజూ చేసిన తప్పే కాబట్టి ఎవర్నీ అనను. 2019లో రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 414 మంది విద్యార్థులకి అక్షరాలు సర్ది మాటలు కట్టే పజిళ్లు ఇచ్చి, సగంలో కొందరికి ఫోనులో, కొందరికి కంప్యూటర్లో, కొందరికి కాగితం మీద కొనే వస్తువులు ఎంచుకునే బ్రేక్ ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. ఫోన్ చేతికి ఇచ్చినవాళ్లు తర్వాతి సగంలో అందరికన్నా వెనకబడ్డారు, ఇంచుమించు అసలు బ్రేకే లేనివాళ్లలా. ఒక్క పరిశోధనతో ఫోన్‌ని ఉరి తియ్యక్కర్లేదు గానీ, ఫ్యామిలీ గ్రూపులో బావగారి ఫార్వర్డు, బ్యాంకు మెసేజ్, ఎవరిదో ఫారిన్ ట్రిప్ ఫొటో, ఇన్ని కొత్త చింతలు ఐదు నిమిషాల్లో నెత్తికెక్కించుకుని దాన్ని విశ్రాంతి అనుకోవడం మన అమాయకత్వమే.

కళ్ల సంగతైతే తేలిగ్గా అర్థమయ్యేదే. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెర చూస్తున్నప్పుడు అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది, అందుకే మంట. దగ్గరి వస్తువు చూస్తున్నంతసేపు కంటి లోపల కటకాన్ని సర్దే చిన్న కండరం బిగిసే ఉంటుంది, దూరం చూస్తేనే వదులవుతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడండి అని కళ్ల డాక్టర్లు చెప్పేది ఇందుకే. 20 అనేది గుర్తుండటానికి పెట్టిన అంకె, 18 అయినా కొంపలేం మునగవు. అపార్ట్‌మెంట్ గదిలో 20 అడుగులు ఎక్కడివి అంటారా, కిటికీ తెరవండి. నాకైతే ఎదురింటి వేపచెట్టుంది.

ఒంటి విషయంలో లెక్కలు ఇంకా గట్టిగా ఉన్నాయి. 2012లో ఆస్ట్రేలియాలో డన్‌స్టన్ అనే ఆయన బృందం, బరువు ఎక్కువున్న నడివయసు వాళ్లకి తీపి పానీయం ఇచ్చి ఐదు గంటలు కూర్చోబెట్టింది. ఒకరోజు కదలకుండా, ఇంకోరోజు ప్రతి 20 నిమిషాలకి రెండు నిమిషాలు మెల్లగా నడిపిస్తూ. నడిచిన రోజు రక్తంలో చక్కెర పెరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గింది. రెండు నిమిషాలు, అదీ మెల్లగా! కాలి కండరాలు కదిలినప్పుడు చక్కెరని లాక్కుంటాయి, దానికి ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడక్కర్లేదు. మధ్యాహ్నం పప్పన్నం, ఆవకాయ, పెరుగన్నం తిని అలాగే కుర్చీలోకి జారే మనకి, ఇంటికొక షుగర్ పేషెంట్ ఉన్నట్టుండే మనకి, దీనికన్నా చవకైన మందు ఇంకోటి దొరుకుతుందా?

విశ్రాంతిలో మెదడు ఊరికే ఉండదు అనడానికి నాకు బాగా ఇష్టమైన ప్రయోగం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో చేసింది. ఎడమచేత్తో 4-1-3-2-4 అని వీలైనంత వేగంగా టైప్ చెయ్యాలి, పది సెకన్లు పని, పది సెకన్లు ఆగడం. మొదట్లో వేగం పెరిగిందంతా టైప్ చేస్తున్నప్పుడు కాదు, ఆగినప్పుడు, అంటే ఆ పది సెకన్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టేసరికి వేలు ఇందాకటి కన్నా చురుగ్గా ఉండేదని 2019లో తేలింది. 2021లో అదే బృందం ఇంకాస్త లోపలికి చూస్తే, ఆ ఖాళీ సెకన్లలో మెదడు అదే వరసని సుమారు 20 రెట్ల వేగంతో మళ్లీ మళ్లీ తిప్పుకుంటోందట. ఇది నిజంగా నేర్చుకోవడమేనా అని ఆ తర్వాత కొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది.

ఇంతకీ ఎన్ని నిమిషాలకోసారి, ఎంతసేపు? అందరూ అడిగేది ఇదే. రోమ్‌లో చదువుకునే రోజుల్లో, 1980ల చివర్లో, ఫ్రాన్సెస్కో సిరిల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం అని మొదలుపెట్టాడు, దాని పేరే పొమొడోరో, ఇటాలియన్‌లో టమాటా. కొందరికి బాగా పనిచేస్తుంది. నాకు మాత్రం కోడ్‌లో తప్పు దొరికే సమయానికే టమాటా మోగుతుంది. 2022లో 22 అధ్యయనాలని కలిపి చూసిన ఒక పరిశీలనలో పది నిమిషాల్లోపు బ్రేకులు ఓపిక పెంచి, అలసట తగ్గిస్తున్నాయని కొద్దిపాటి తేడాతోనైనా స్పష్టంగా కనిపించింది. పని నాణ్యత విషయంలో అంత స్పష్టత లేదు, బాగా బుర్ర తినే పనికి పది నిమిషాలు సరిపోవేమోనని వాళ్లే రాశారు. కాబట్టి ఐదు నిమిషాలు లేస్తే రెట్టింపు పని అని ఎవరైనా అమ్ముతుంటే కొనకండి. నా లెక్కలో ఓపిక మిగలడమే పెద్ద లాభం. మీటింగుల విషయంలోనూ అంతే: 2021లో మైక్రోసాఫ్ట్ వాళ్లు 14 మందికి తల మీద తీగల టోపీ పెట్టి వరస మీటింగుల్లో కూర్చోబెడితే ఒత్తిడి సూచించే తరంగాలు మీటింగ్ మీద మీటింగ్‌కి పేరుకున్నాయి, మధ్యలో పది నిమిషాలు ఇస్తే పేరుకోలేదు. 14 మందే, అదీ మీటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ చేసినది, కాబట్టి కాస్త అనుమానంగానే చూడాలి. అయినా నా అనుభవానికి సరిపోయింది.

ఇంత చెప్పినా లేవలేకపోవడానికి కారణం సైన్స్ తెలియకపోవడం కాదు, ఆఫీసు చాట్‌లో మన పేరు పక్కన, పనిలో ఉన్నామని చూపించే పచ్చ చుక్క. అది పసుపు అయితే మేనేజర్ ఏమనుకుంటాడో అని టెన్షన్. బాత్రూంకి వెళ్తూ మౌస్ కదిపి వెళ్లేవాళ్లని చూశాను, నేనూ కదిపాను. ఆఫీసులో టీకి వెళ్తే పది మంది చూసేవారు, తప్పనిపించేది కాదు. ఇంట్లో ఎవరూ చూడరు, అందుకే దొంగతనంలా ఉంటుంది.

ఆడవాళ్లకి ఇంకో చిక్కు. మా అక్కయ్యది కూడా ఇంటి నుంచే పని, ఆమె కుర్చీలోంచి లేచిందంటే కుక్కర్ విజిల్, పిల్లాడి హోంవర్క్, అత్తగారి మందులు వరసగా ఉంటాయి. "నువ్వు బ్రేక్ తీసుకో అంటావు, నేను లేస్తే ఇంకో డ్యూటీ ఎక్కినట్టేరా" అంది ఒకసారి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే లెక్కలో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెట్టేవారు. అక్కయ్య లాంటివాళ్లకి ముందు కావలసింది ఇంట్లో ఇంకో రెండు చేతులు, ఆ తర్వాతే టమాటా టైమర్.

నేను చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. అలారాలు పెట్టి చూశాను, అన్నీ కట్టేసేవాణ్ణి. చివరికి బల్ల మీదున్న రెండు లీటర్ల బాటిల్ తీసేసి చిన్న స్టీలు గ్లాసు పెట్టాను. దాహం వేస్తే లేచి వంటింట్లో బిందె దగ్గరికి వెళ్లాలి. ఫోన్ బల్ల మీదే ఉంటుంది, నాతో రాదు. గంటకి రెండుసార్లయినా లేస్తున్నాను, దారిలో వేపచెట్టు కనిపిస్తుంది, ఇన్ని నీళ్లు తాగాక బాత్రూంకి ఎలాగూ లేవాలి. ఇదే ఊపులో ల్యాప్‌టాప్ చార్జరు కూడా పక్క గదిలో పెట్టాను. అది మాత్రం వికటించింది: క్లయింటుకి డెమో ఇస్తుండగా బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది, పరుగెత్తి తెచ్చి పెట్టేసరికి నాలుగు నిమిషాలు. అవతల అందరూ ఈలోగా కాఫీ తెచ్చుకుని కూర్చున్నారు.