‘కనబడుట లేదు’ అని చెప్పిన వెబ్‌సైట్

2024 ఏప్రిల్‌లో ముగ్గురు నటులు హాలీవుడ్ సంస్థ లయన్స్‌గేట్‌కు ఒక బహిరంగ లేఖ రాశారు. హెదర్ డోనహ్యూ (ఇప్పుడు ఆమె పేరు రేయ్ హాన్స్), మైకేల్ విలియమ్స్, జాషువా లెనర్డ్. పాతికేళ్ల కిందట వాళ్లు నటించిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ అనే హారర్ సినిమాను మళ్లీ కొత్తగా తీస్తామని ఆ సంస్థ అప్పుడే ప్రకటించింది. లేఖలో అడిగినవి మూడు. పాత సినిమా మీద ఇన్నేళ్లుగా తమకు రావాల్సిన వాటా, ఇకముందు వచ్చే దాంట్లోనూ వాటా ఇవ్వాలన్నది మొదటిది. ఆ సినిమా పేరుతో కొత్తగా ఏం చేసినా, ప్రచారంలో తమ పేర్లు, ముఖాలు జనానికి గుర్తొచ్చే పక్షంలో ముందుగా తమతో మాట్లాడాలన్నది రెండోది. మూడోది చివర్లో చెబుతాను.

నటులు తమ పేర్ల గురించి ఇంతగా పట్టుబట్టడం వింతగా అనిపించవచ్చు. ఎందుకో తెలియాలంటే 1998లో మొదలైన ఆ సినిమా వెబ్‌సైట్ దగ్గరికి వెళ్లాలి. చిన్న సినిమాకు సైట్ ఎలా కట్టాలో చెప్పేవాళ్లందరూ ఇప్పటికీ దాన్నే ఉదాహరణగా చూపిస్తారు. దానికి మూల్యం ఎవరు చెల్లించారో మాత్రం చాలామంది చెప్పరు.

డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ ఫ్లోరిడాలో సినిమా చదువుకున్న కుర్రాళ్లు. మరో ముగ్గురు మిత్రులతో కలిసి హాక్సాన్ ఫిల్మ్స్ పెట్టుకున్నారు. 1997 అక్టోబర్‌లో మేరీల్యాండ్ అడవిలో ఎనిమిది రోజుల్లో షూటింగ్ ముగించారు. కెమెరాలు నటుల చేతికే ఇచ్చారు. ఏ రోజు ఎటు నడవాలి, ఎవరి మనసులో ఏముండాలి అన్నవి చీటీల మీద రాసి దారిలో వదిలేవాళ్లు. మాటలు నటులు అప్పటికప్పుడు కల్పించుకున్నవే. పాత్రలకు కూడా వాళ్ల సొంత పేర్లే పెట్టారు. తర్వాతి కథంతా ఈ ఒక్క నిర్ణయం చుట్టూనే తిరిగింది.

మొదట్లో దర్శకుల ఆలోచన వేరు. అడవిలో దొరికినట్టుగా చూపించే ఫుటేజీ కొంత, దాని చుట్టూ ఇంటర్వ్యూలు, పోలీసుల దర్యాప్తు, పాత చరిత్ర కలిపి డాక్యుమెంటరీలా చేద్దామనుకున్నారు. ఎడిటింగ్‌లో కూర్చున్నాక అడవి ఫుటేజీకే బలం ఎక్కువని తేలింది, మిగతాదంతా పక్కన పెట్టేశారు. అంటే సినిమాలో చోటు దొరకని కథ బోలెడంత వాళ్ల చేతిలో మిగిలిపోయింది. ఈలోగా జాన్ పియర్సన్ నడిపే ‘స్ప్లిట్ స్క్రీన్’ అనే టీవీ కార్యక్రమంలో కొద్ది నిమిషాల ముక్క ప్రసారమైంది. చూసినవాళ్లు ఇది నిజమా కాదా అని అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్లకు చూపించడానికి ఒక చోటు కావాలి. సాంచెజ్‌కు వెబ్ పని వచ్చు. 1998లో తానే కూర్చుని సైట్ కట్టాడు.

అందులో ఏముందో చూడండి. 1785లో బ్లెయిర్ అనే ఊళ్లో ఎల్లీ కెడ్వార్డ్ అనే ఆమెను మంత్రగత్తె అని ముద్రవేసి వెలివేసినప్పటి నుంచి, ఏ ఏడు ఏం జరిగిందో వరసగా చెప్పే కాలపట్టిక. అంతా కల్పితమే. 1994 అక్టోబర్‌లో బర్కిట్స్‌విల్ దగ్గరి అడవిలో ముగ్గురు సినిమా విద్యార్థులు మాయమయ్యారన్న వార్త. వెతుకులాట ఫొటోలు, దొరికిన సామాన్లు, హెదర్ రాసుకున్నట్టుగా చెప్పిన డైరీ పేజీలు. మన పేపర్లలో ‘కనబడుట లేదు’ అని ఫొటో వేసి ప్రకటన ఇస్తారే, చూడగానే గుండె కాసేపు ఆగినట్టవుతుంది, ఆ సైట్ చేసిన పని కూడా అదే. 1999 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవానికి వెళ్లినప్పుడు అలాంటి పోస్టర్లనే వీధుల్లో కూడా అంటించారు.

నా దృష్టిలో ఆ సైట్ బలం అబద్ధం చెప్పడంలో లేదు. సినిమా తీసినవాళ్లే, సినిమా కోసం తయారు చేసిన సరుకుతోనే దాన్ని కట్టారు, అందుకే అది ప్రకటనలా కనిపించలేదు. ఫోన్ లైన్ మీద నెట్ నత్తలా నడిచే రోజులవి. పెద్ద బొమ్మలు, వీడియోలు పెడితే పేజీ తెరుచుకునేది కాదు. వాళ్లు పెట్టిన రాత, చిన్న ఫొటోలు అలాంటి నెట్‌కు సరిగ్గా సరిపోయాయి. వికీపీడియా 2001లో వచ్చింది, ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో. అనుమానం వచ్చి ఎక్కడైనా సరిచూసుకుందామన్నా చూసుకునే చోటు దాదాపు లేదు.

సన్‌డాన్స్‌లో ఆర్టిజన్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే పంపిణీ సంస్థ (తర్వాత లయన్స్‌గేట్ చేతికి వెళ్లింది) సుమారు 11 లక్షల డాలర్లకు హక్కులు కొంది. సైట్‌ను పెంచి కొత్తగా తెరిచింది, విడుదల దాకా కొంచెం కొంచెంగా కొత్త సరుకు చేర్చుతూ వచ్చింది. 1999 జులైలో సినిమా విడుదలై ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఇంత జరుగుతుంటే ఆ ముగ్గురూ ఎక్కడున్నారు? జనం కళ్లకు కనబడకుండా ఉన్నారు, ఉండమన్నారు కాబట్టి. సినిమాల వివరాలు చూసుకునే ఐఎండీబీ సైట్‌లో వాళ్ల పేర్ల పక్కన ‘కనిపించడం లేదు, చనిపోయి ఉండవచ్చు’ అని రాసి ఉండేది. హెదర్ తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయి. కూతురు బతికే ఉండగా అలాంటి కార్డు చేతిలో పట్టుకున్న తల్లి పరిస్థితి నాకు ఊహకు కూడా అందదు. సినిమా మొదటిసారి పెద్దగా ఆడితే నటులకు పేరొస్తుంది, ఇంటర్వ్యూలు వస్తాయి, తర్వాతి అవకాశం వస్తుంది. వీళ్లకు ఆ మొదటి రోజులే చేజారిపోయాయి. పేరేమో దేశమంతా తెలుసు, ఆ పేరు మీద హక్కు మాత్రం తమది కాదు. తర్వాతి భాగం ప్రచారంలో తమ పేర్లు, బొమ్మలు వాడారని కోర్టుకు వెళ్లారు. చివరికి రాజీలో ఒక్కొక్కరికి సుమారు 3 లక్షల డాలర్లు వచ్చాయని నటులు చెప్పారు. 25 కోట్ల పక్కన ఆ అంకె పెట్టి చూడండి.

బర్కిట్స్‌విల్ అనే అసలు ఊరు కూడా ఇబ్బంది పడింది. రెండు వందల మంది కూడా లేని ఆ పల్లెకు జనం ఎగబడి వచ్చి ఊరి బోర్డులు పీక్కుపోయారు.

ఆ తర్వాత సినిమా సైట్లు రకరకాల దారులు పట్టాయి. ‘ఫోర్ ఐడ్ మాన్‌స్టర్స్’ తీసిన అమెరికా జంట తమ సినిమా ఎక్కడ కావాలో ప్రేక్షకులనే సైట్‌లో నమోదు చేసుకోమని అడిగింది. 2009లో ‘పారానార్మల్ యాక్టివిటీ’కి మా ఊళ్లో వేయండని 10 లక్షల మంది అడిగితే అమెరికా అంతా విడుదల చేస్తామని పారామౌంట్ సంస్థ ప్రకటించింది, ఆ సంఖ్య దాటింది కూడా.

నాకు అన్నిటికన్నా నచ్చింది మన పక్కింటిదే. కన్నడ దర్శకుడు పవన్ కుమార్‌కు (2018లో తెలుగులో ‘యూ టర్న్’ తీసింది ఆయనే) ‘లూసియా’కు నిర్మాత దొరకలేదు. తన బాధ ఉన్నదున్నట్టు బ్లాగులో రాసుకున్నాడు. డబ్బు ఎంత కావాలో, ఎందుకు కావాలో చెప్పాడు. 27 రోజుల్లో 110 మంది కలిసి 51 లక్షల రూపాయలు పెట్టారు. 2013లో సినిమా వచ్చింది. మంత్రగత్తె లేదు, మాయమైనవాళ్లు లేరు. ఒక మనిషి తన పేరుతో నిజం చెప్పాడు, చదివినవాళ్లు నమ్మారు. ఆ బ్లాగుకూ, బ్లెయిర్ విచ్ సైట్‌కూ పోలిక ఒకటుంది. రెండింటినీ సినిమా తీసినవాళ్లే, ఏ కంపెనీ రాకముందే మొదలుపెట్టారు.

ఇవాళ మన దగ్గర చిన్న సినిమా తీసేవాళ్లు ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్ పేజీతో సరిపెడుతున్నారు. ఖర్చు లేదు, జనం అక్కడే ఉన్నారు, తప్పుపట్టలేం. సొంత సైట్ కట్టుకునేవాళ్లు మాత్రం పోస్టర్లు, ట్రైలర్ కన్నా ముందు ఒక పని చేయాలి. నటీనటుల పేరు, ఫొటో ఏ పేజీలో, ఎంతకాలం, ఏ కథ పక్కన వాడతారో కాగితం మీద రాసి వాళ్ల సంతకం తీసుకోవాలి. వాళ్ల వాటా కూడా అదే కాగితం మీద రాయాలి. సినిమా ఆడదేమో అనే టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇదంతా దండగ అనిపిస్తుంది. ఆ ఎనిమిది రోజుల షూటింగ్ చేసినవాళ్లకూ తమ సినిమా ఇంత ఆడుతుందని తెలియదు.

ఇక ఆ లేఖలోని మూడో కోరిక. అది వాళ్ల కోసం అడిగింది కాదు. పేరు లేని కొత్త దర్శకుడికో దర్శకురాలికో మొదటి సినిమా తీసుకోవడానికి లయన్స్‌గేట్ ఏటా 60 వేల డాలర్లు ఇవ్వాలని కోరారు. పాతికేళ్ల కిందట తమ సినిమాకు అయిన ఖర్చు అంతేనని లేఖలో రాశారు.