కాడ్మియం లేని క్వాంటమ్ డాట్‌కు అంత కాలం ఎందుకు పట్టింది?

క్వాంటమ్ డాట్ అంటే కొన్ని నానోమీటర్ల సెమీకండక్టర్ స్ఫటికం. పదార్థం అదే అయినా సైజును బట్టి రంగు మారుతుంది. కాడ్మియం సెలినైడ్ రేణువు సుమారు 2 నానోమీటర్లుంటే నీలం, 6 ఉంటే ఎరుపు. రేణువు చిన్నదయ్యేకొద్దీ ఎలక్ట్రాన్‌కు చోటు ఇరుకై, దాని శక్తి పెరుగుతుంది.

ఈ ప్రభావాన్ని 1981లో అలెక్సీ ఎకిమోవ్ గాజులోని కాపర్ క్లోరైడ్ రేణువుల్లో చూపారు. ద్రవంలో తేలే రేణువుల్లో 1983లో లూయిస్ బ్రస్ చూపారు. అయితే కోరిన సైజులో, ఒకే తీరుగా రేణువులు చేయడం అప్పటికి చేతకాలేదు.

ఆ దారి 1993లో ఎంఐటీలో మౌంగీ బవెండీ బృందం వేసింది. 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగుతున్న ద్రావణిలోకి కాడ్మియం, సెలీనియం ద్రావణాన్ని సిరంజితో ఒక్కసారిగా కొట్టారు. బీజాలన్నీ, అంటే రేణువుల తొలి మొలకలన్నీ, ఒకేసారి పుట్టాయి. చల్లటి ద్రావణం పడటంతో వేడి 180 దాకా జారి, కొత్త బీజాలు పుట్టడం ఆగింది. తర్వాత మళ్లీ 230-260కి వేడి చేస్తే, ఉన్నవే పెరిగాయి. సిరంజి మెల్లగా నొక్కితే ఈ పద్ధతి మొత్తం చెడుతుంది: పాతవి పెరుగుతుండగానే కొత్తవి పుట్టి, రంగు అలుక్కుపోతుంది. ఈ ముగ్గురికీ 2023లో రసాయన నోబెల్ దక్కింది.

కాడ్మియం మాత్రం విషమే. యూరోపియన్ యూనియన్ ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసానికి 0.1 శాతం పరిమితి పెడితే, కాడ్మియానికి 0.01 శాతమే పెట్టింది. ప్రత్యామ్నాయంగా ఇండియం ఫాస్ఫైడ్ ముందుకొచ్చింది. అది చాలా మొండి పదార్థం. వాడే ఫాస్ఫరస్ రసాయనం క్షణాల్లో ఖర్చయిపోతుంది. రేణువులు పెరిగే దశకు ఏమీ మిగలదు. అంతకన్నా పెద్ద శత్రువు తేమ. తయారీలో వాడే కొవ్వు ఆమ్లాలు అధిక వేడిలో తమలో తాము చర్య జరిపి నీటిని వదులుతాయి. ఫ్లాస్కును ముందే వ్యాక్యూమ్‌లో ఎంత ఆరబెట్టినా, ఆ నీరు లోపలే పుడుతుంది కదా! దాంతో రేణువు పైన ఆక్సైడ్ పొర కట్టి, వెలుగు చచ్చిపోతుంది.

2019లో శాంసంగ్ పరిశోధకులు చర్య జరుగుతుండగానే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఆ పొరను తొలగించారు. ఆపై జింక్ సెలినైడ్, దాని మీద జింక్ సల్ఫైడ్ తొడిగారు. జింక్ సల్ఫైడ్‌ను నేరుగా తొడిగితే స్ఫటికాల అల్లికలో 7 శాతానికి పైగా తేడా వచ్చి పగుళ్లిస్తుంది. మధ్యలో సెలినైడ్ ఆ తేడాను మోస్తుంది. ఆ రేణువులతో చేసిన ఎరుపు ఎల్‌ఈడీ బాహ్య క్వాంటమ్ సామర్థ్యం, అంటే పంపిన ప్రతి వంద ఎలక్ట్రాన్లకు బయటికొచ్చే కాంతి కణాల లెక్క, 21.4 శాతం. ఈ ఆమ్లంతో ఏమరుపాటు పనికిరాదు. గాజును తినేస్తుంది, చర్మంలోంచి ఎముక దాకా దిగుతుంది. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో ఉండాల్సిందే.

నీలానికి వచ్చేసరికి ఇండియం ఫాస్ఫైడ్ రేణువు మరీ చిన్నదైపోయి నిలకడ తప్పుతుంది. అందుకే ఇప్పుడు టెల్యూరియం కలిపిన జింక్ సెలినైడ్ మీద పని సాగుతోంది. దాని సామర్థ్యం 20 శాతం దాటినా, ఆయుష్షులో నీలం ఇంకా ఎరుపు వెనకే ఉంది.