చేతిలో ఫోన్, తెర మీద మ్యాప్: ఫ్రెస్నోలో మొదలైన తగువు

కాలిఫోర్నియాలో కారు నడుపుతూ చేతిలోని ఫోన్‌లో మ్యాప్ చూసుకోవడం నేరమేనని 2025 జూన్ 3న శాన్ హోసేలోని అప్పీలు కోర్టు తేల్చేసింది. ఎవరితోనూ మాట్లాడకపోయినా, తెర మీద ఏమీ నొక్కకపోయినా, ఊరికే చూసినా నేరమే. ఈ కోర్టు పరిధిలో ఉన్న శాంటా క్లారా కౌంటీలోనే సన్నీవేల్, కూపర్టినో, శాన్ హోసే ఉన్నాయి. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊళ్లు. దాంతో ‘చూసినందుకు కూడా టికెట్టేమిటి (జరిమానా చీటీ)?’ అనే పాత ప్రశ్న మళ్లీ లేచింది.

ఫోన్ చూస్తూ నడిపితే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. పాలో ఆల్టోకి చెందిన రాష్ట్ర సెనేటర్ జో సిమిటియన్ ఏళ్ల తరబడి పట్టుబట్టి, కారు నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకుని మాట్లాడకూడదనే తొలి చట్టాన్ని ఎలా సాధించారన్నదీ అక్కడివాళ్లకి తెలిసిన కథే. అందులో ఈ రోజుకి పనికొచ్చేది ఒకే ఒక్క సంగతి. ఆ చట్టం 2008 జులై 1న అమల్లోకి వచ్చినా, గవర్నర్ ష్వార్జ్‌నెగర్ సంతకం పెట్టింది 2006 సెప్టెంబర్‌లో. మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది 2007 జూన్‌లో. అంటే చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నది చెవికి ఆనించుకుని మాట్లాడే ఫోన్ మాత్రమే. అందుకే వాళ్లు ‘వినడం, మాట్లాడటం’ చేతులు వాడకుండా చేయాలని రాశారు. మెసేజ్‌లు టైప్ చేయడాన్ని 2009 జనవరి నుంచి వేరే సెక్షన్ కింద నిషేధించారు. మ్యాప్ ఊసు ఎక్కడా లేదు.

ఈ ఖాళీలోంచి 2012 జనవరిలో ఫ్రెస్నో డ్రైవర్ ఒకరు బయటికొచ్చారు. నా లెక్కలో మొత్తం కథకి మలుపు అదే. రోడ్డు పనుల వల్ల ట్రాఫిక్ ఆగిపోయింది. పక్క దారి ఏమైనా ఉందా అని ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని మ్యాప్ తెరిచారు. బైక్ మీద ఉన్న హైవే పెట్రోల్ పోలీసు అది చూసి టికెట్ రాశాడు. జరిమానా 165 డాలర్లు. చాలామంది ఇలాంటప్పుడు కట్టేసి ఊరుకుంటారు. ఈయన కట్టలేదు. ట్రాఫిక్ కోర్టులో ఓడిపోయారు, ఆపై సుపీరియర్ కోర్టు (కౌంటీ స్థాయి కోర్టు) అప్పీలు విభాగంలోనూ ఓడిపోయారు, అయినా వదలకుండా రాష్ట్ర అప్పీలు కోర్టుకి వెళ్లారు.

ఆయన వాదన వింటే కాదనడం కష్టం. కాగితం మ్యాప్ చేత్తో పట్టుకుని చూస్తే ఈ చట్టం కింద తప్పు లేదు కదా, అదే మ్యాప్ ఫోన్‌లో ఉంటే తప్పెలా అయింది? 2014 ఫిబ్రవరి 27న కోర్టు ఆయన వైపే మొగ్గింది. ఫోన్‌లో మాట్లాడటాన్ని ఆపడానికే శాసనసభ ఈ చట్టం చేసిందని, ‘వాడటం’ అనే మాటని ఇష్టం వచ్చినట్టు సాగదీస్తే చేతిలోని ఫోన్‌లో టైమ్ చూసుకోవడం కూడా నేరమైపోతుందని చెప్పింది. చట్టంలో లేనిది కోర్టు కలపదు, కావాలంటే శాసనసభే రాసుకోవాలి అన్నదే దాని సారం.

ఆ తీర్పు అమల్లో ఉన్నంత కాలం పోలీసుల పని చిక్కులో పడింది. పక్క లేన్‌లో వెళ్తున్న కారులో డ్రైవర్ తల వంచుకుని ఫోన్ చూస్తున్నాడు. అతను చూస్తున్నది మ్యాపా, మెసేజా? ‘మ్యాప్ చూస్తున్నానండీ’ అంటే కాదని రుజువు చేయడం ఎలా? అంతకుముందు 2011లో, ఎర్ర లైట్ దగ్గర ఆగి ఉన్నా నడుపుతున్నట్టే లెక్క అని ఇంకో కేసులో తేలింది కాబట్టి, సిగ్నల్ దగ్గర ఆగానన్న సాకు అప్పటికే చెల్లదు. మిగిలింది మ్యాప్ సాకే.

శాసనసభ నిజంగానే కొత్తగా రాసుకుంది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్తగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చిన హేవర్డ్ అసెంబ్లీ సభ్యుడు బిల్ క్వర్క్ పెట్టిన బిల్లు మీద 2016 సెప్టెంబర్‌లో గవర్నర్ బ్రౌన్ సంతకం చేశారు. 2017 జనవరి 1 నుంచి లెక్క మారింది. ఏం చేస్తున్నావన్నది కాదు, ఫోన్ ఎక్కడుందన్నది ముఖ్యం. కారు ముందు అద్దానికి బిగిస్తే డ్రైవర్‌కి దూరంగా ఉన్న కింది మూలలో 7 అంగుళాల చదరంలో, లేదా డ్రైవర్ దగ్గరి కింది మూలలో 5 అంగుళాల చదరంలో, అదీ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే చోటు కాకుండా ఉండాలి. లేదంటే చూపుకి అడ్డం రాకుండా డ్యాష్‌బోర్డు మీద పెట్టాలి. అక్కడ కూడా ఒక్కసారి నొక్కడం, లేదా ఒక్కసారి వేలితో జరపడం వరకే. ఇంత కొలిచి రాసినవాళ్లు చేతిలో పట్టుకుని మ్యాప్ చూడనివ్వాలనుకున్నారంటే నేను నమ్మను.

అయినా ఒక సందు మిగిలిపోయింది. ఫోన్‌ని ‘పట్టుకుని ఆపరేట్ చేస్తూ’ నడపకూడదని చట్టం అంది. శాంటా క్లారా కౌంటీలో టికెట్ పడిన డ్రైవర్ ఆ మాటనే అందుకున్నారు: పట్టుకున్న మాట నిజమే, కానీ ఆపరేట్ చేయలేదు, చూశానంతే. ట్రాఫిక్ కోర్టు ఒప్పుకోలేదు. సుపీరియర్ కోర్టు అప్పీలు విభాగం మాత్రం ఒప్పుకుని శిక్ష కొట్టేసింది. 2025 జూన్‌లో శాన్ హోసే అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. చేతిలో పట్టుకున్న ఫోన్‌లో మ్యాప్ చూడటం కూడా దాన్ని వాడుకోవడమేనని, ఫ్రెస్నో తీర్పు తర్వాత శాసనసభ చట్టం మార్చింది డ్రైవర్ కళ్లు రోడ్డు మీద ఉండటానికేనని చెప్పింది. కొత్త రూలు వచ్చిందని కంగారు పడుతున్నవాళ్లు గమనించాల్సింది ఇదే. కోర్టు 2025లో పెట్టిన రూలు కాదిది, 2017 నుంచి ఉన్నదే.

డ్రైవర్ల వైపు ఒక గట్టి మాట లేకపోలేదు. కంపెనీ వాళ్లే కారులో బిగించి ఇచ్చే తెరలకి ఈ చట్టం వర్తించదు. ఫ్రీమాంట్ ఫ్యాక్టరీలో తయారయ్యే టెస్లా మోడల్ 3లో 15 అంగుళాల తెర ఉంటుంది. దాని మీద మ్యాప్ తెరిచి, వేలితో జరిపి, పెద్దది చేసి చూసుకోవచ్చు. పాత కారు నడిపేవాడు అరచేతిలో ఫోన్ చూస్తే మాత్రం టికెట్. దీనికి సరైన జవాబు నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇండియా నుంచి కొత్తగా వెళ్లినవాళ్లకి ఇది మరీ విడ్డూరంగా అనిపించడానికి కారణం ఉంది. మన దగ్గర రూలు సరిగ్గా తిరగబడి ఉంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ, చేతిలో ఫోన్ వాడుతూ నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో కలిపింది. మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఏడాది దాటిన నెలకే, 2020 అక్టోబర్ 1 నుంచి, కేంద్రం రూల్స్‌లో ఒక వెసులుబాటు చేర్చింది. చేతి ఫోన్‌ని కేవలం దారి చూసుకోవడానికి, డ్రైవర్ ఏకాగ్రత చెడని విధంగా వాడొచ్చట. ఏకాగ్రత చెడిందో లేదో హైదరాబాద్ చౌరస్తాలో నిలబడ్డ కానిస్టేబుల్ ఎలా కొలుస్తాడన్నది రాయలేదు. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్ల బతుకు మొత్తం ఆ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది. కాలిఫోర్నియా మొదట తెలియక వదిలేసి తర్వాత మూసిన తలుపుని, మనవాళ్లు తెలిసి తెరిచారు.

కాలిఫోర్నియాలో జరిమానా చట్టంలో చూస్తే మొదటిసారి 20 డాలర్లు, తర్వాత 50. కోర్టు రుసుములు, సర్‌ఛార్జీలు కలిపితే మొదటి టికెట్టే 150 దాటుతుంది. అసలు టెన్షన్ అది కాదు. 2021 జులై నుంచి, 36 నెలల్లో రెండోసారి దొరికితే లైసెన్సు మీద ఒక పాయింట్ (తప్పు గుర్తు) పడుతుంది, దాన్ని చూసి ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం పెంచుతుంది. జూన్ తీర్పుతో ‘మ్యాప్ చూశానంతే’ అని చెప్పి ఆ పాయింట్ తప్పించుకునే దారి మూసుకుపోయింది. కారులోని పెద్ద తెరల మినహాయింపు జోలికి మాత్రం కోర్టు పోలేదు.